అప్‌లోడ్ ఫిల్టర్ చట్టం ఇండియాకి వస్తే వీడియో వేదికలకి, ఛానెళ్ళకి ఏం మారుతుంది?

#1 పెన్నాతీరం (మారతహళ్ళి)

వీడియో జనానికి కనపడకముందే కాపీరైట్ వడపోత పెట్టాలనే చట్టం యూరప్‌లో ఉంది. అలాంటిదే ఇక్కడా తేవాలని సంగీత సంస్థలవాళ్ళు అంటున్నారు, వద్దని ఛానెళ్ళవాళ్ళు అంటున్నారు. ఈ గొడవలో మాటలన్నీ కలగాపులగం అయిపోయాయి. క్లెయిమ్‌ని (ఈ వీడియోలో మా సరుకు ఉందన్న దావా) స్ట్రైక్ (ఛానెల్ మీద పడే శిక్ష) అంటున్నారు, యూట్యూబ్ నియమాన్ని భారత చట్టం అంటున్నారు. ఒక్కొక్కటీ విడదీసి రాయండి: యూరప్ చట్టం ఏం అడుగుతోంది, మన చట్టం ఇప్పుడు ఏం అడుగుతోంది, ఫిల్టర్ లోపల జరిగేదేమిటి.

బెంగళూరులో ఉగాది కచేరీలు రికార్డు చేసేవాళ్ళు, పెళ్ళి లైవ్‌లు ఇచ్చేవాళ్ళు, సినిమా సమీక్షలు చేసేవాళ్ళు, చిన్న వీడియో యాప్‌లు కట్టే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి రేపు పనికొచ్చేలా ఉండాలి. సొంత గోడు చెప్పుకోవడానికి వేరే థ్రెడ్ ఉంది.

#2 కోర్టుహాలు (శివాజీనగర్)

యూరప్‌తో మొదలుపెడతాను. 2019/790 నంబరు కాపీరైట్ డైరెక్టివ్ (యూరోపియన్ యూనియన్ సభ్యదేశాలకిచ్చే ఆదేశం), అందులో 17వ అధికరణం. ముసాయిదాలో ఇదే 13వది, అందుకే పాత వ్యాసాల్లో ఆ అంకె కనిపిస్తుంది. 2019 మార్చి 26న యూరోపియన్ పార్లమెంటులో 348–274 ఓట్లతో నెగ్గింది. సభ్యదేశాలు తమ చట్టాల్లో చేర్చుకోవడానికి 2021 జూన్ 7 దాకా గడువిచ్చారు.

యూజర్లు ఎక్కించినదాన్ని జనానికి చూపించడం వేదిక స్వయంగా చేసే ప్రసారమేనని ముందు తేల్చేశారు. దాంతో బాధ్యత నేరుగా వేదిక మెడకి చుట్టుకుంది. బయటపడాలంటే మూడు పనులు చేశానని చూపించాలి. లైసెన్సు కోసం శాయశక్తులా ప్రయత్నించాలి. హక్కుదారు తగిన సమాచారం ఇచ్చిన రచన తన దగ్గర దొరక్కుండా శాయశక్తులా చూడాలి. నోటీసు వస్తే వెంటనే తీసేసి, మళ్ళీ ఎక్కకుండా కాయాలి. చివరి రెండూ పెద్ద వేదికలో మనుషులతో అయ్యే పనులు కావు. ఫిల్టర్ పెట్టమని ఆ అధికరణం నోరు తెరిచి అనలేదు, వేరే దారి మాత్రం మిగల్చలేదు.

దాంట్లోనే రక్షణలూ ఉన్నాయి. ఉటంకింపు, విమర్శ, సమీక్ష, వ్యంగ్యానుకరణ కోసం వాడుకున్నదాన్ని ఆపకూడదు. అందరి మీదా నిఘా పెట్టమని వేదికని బలవంతపెట్టకూడదు. యూజర్ ఫిర్యాదు చేస్తే మనిషే చూసి తేల్చాలి. పోలండ్ ఈ అధికరణాన్ని సవాలు చేస్తే 2022 ఏప్రిల్ 26న యూరోపియన్ న్యాయస్థానం దాన్ని నిలబెట్టింది (కేసు సి-401/19). కానీ చట్టబద్ధమైన వీడియోకీ కానిదానికీ తేడా సరిగా పట్టలేని ఫిల్టర్ చెల్లదని చెప్పింది. ఇక్కడ ఎవరైనా ముసాయిదా రాస్తే మొదట చదవాల్సింది ఈ తీర్పు.

#3 హెచ్‌ఎస్‌ఆర్_కోడర్

చిన్న కంపెనీలకి మినహాయింపు ఉందన్నారే, అది ఎంతవరకు?

#4 కోర్టుహాలు

ఉంది, కానీ సన్నం. సేవ మొదలై 3 ఏళ్ళు దాటకూడదు, వార్షిక టర్నోవర్ 1 కోటి యూరోల లోపు ఉండాలి. రెండూ కలిసి ఉండాలి. అలాంటివాళ్ళు లైసెన్సుకి ప్రయత్నించి, నోటీసు వస్తే తీసేస్తే చాలు. నెలకి సగటున 50 లక్షల మంది విడి సందర్శకులు దాటారా, తీసేసింది మళ్ళీ ఎక్కకుండా చూసే బాధ్యతా మీద పడుతుంది. నాలుగో ఏడు వచ్చేసరికి టర్నోవర్ ఎంత తక్కువున్నా మినహాయింపు పోతుంది. లాభాపేక్ష లేని విజ్ఞాన సర్వస్వాలు, లాభాపేక్ష లేని విద్యా భాండాగారాలు, ఓపెన్ సోర్స్ కోడ్ వేదికలు అసలు ఈ నిర్వచనంలోకే రావు.

#5 హెచ్‌ఎస్‌ఆర్_కోడర్

అయితే ఫిల్టర్ లోపలి సంగతి నేను చెప్తాను. యూట్యూబ్‌లో పాటల్ని పట్టే ఫిల్టర్ కంటెంట్ ఐడీ గూగుల్ సొంత సరుకు. సూత్రం అర్థం కావడానికి క్రోమాప్రింట్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ చాలు.

ఆడియోని మోనో చేసి సెకనుకి 11,025 శాంపిళ్ళకి దించుతుంది. 4,096 శాంపిళ్ళ ముక్కలు తీసుకుంటుంది, ఒక్కో ముక్క పక్కదాని మీద మూడింట రెండొంతులు ఎక్కి ఉంటుంది. ప్రతి ముక్కలో ఉన్న శక్తిని 12 స్వరస్థానాల్లోకి పంచి, ఆ పటం మీద 16 చిన్న ఫిల్టర్లు నడిపి 32 బిట్ల సంఖ్య ఒకటి తీస్తుంది. సెకనుకి దాదాపు 8 సంఖ్యలు, ఆ సంఖ్యల వరసే పాట వేలిముద్ర. అంటే సెకనుకి 32 బైట్లు, గంట ఆడియోకి దాదాపు 116 కిలోబైట్లు. 10,000 గంటల పాటల వేలిముద్రలన్నీ ఒకటింపావు జీబీకి లోపే. మామూలు ల్యాప్‌టాప్ మెమరీలో పట్టేస్తాయి.

కాబట్టి ఖర్చు స్టోరేజీలో లేదు. రిఫరెన్స్ ఫైళ్ళు (పోల్చి చూడటానికి హక్కుదారు ఇచ్చే అసలు పాటలు) ఎవరిస్తారు, ఆ పాట ఏ దేశంలో ఎవరిది, రెండు సంస్థలు ఒకే పాట మాదంటే ఎవరి మాట వినాలి, ఫిర్యాదులు ఎవరు చదవాలి, డబ్బంతా అక్కడ పోతుంది. తెలుగు పాటలకి ఇది మరీ చిక్కు. ఆడియో హక్కు ఒకరిది, శాటిలైట్ హక్కు ఇంకొకరిది, డబ్బింగ్ హక్కు మరొకరిది. పాత క్యాసెట్ కంపెనీ కేటలాగు చేతులు మారి ఉంటుంది. వేలిముద్ర సరిగ్గా కలుస్తుంది, కలిసిన వేలిముద్ర వెనక రాసి ఉన్న పేరు తప్పు అవుతుంది.

తప్పుల లెక్క కూడా చూడండి. రోజుకి లక్ష వీడియోలు ఎక్కే వేదికలో వెయ్యికి ఒక్క వీడియోని పొరపాటున పట్టుకుందనుకుందాం. రోజుకి 100. మనిషి చూసి తేల్చడానికి తలా 15 నిమిషాలు వేసుకున్నా 25 గంటల పని. ఒక్క ఈ పనికే సెలవుల్లేకుండా ముగ్గురు కావాలి, వాళ్ళకి భాషా రావాలి, కాపీరైట్ చట్టమూ తెలియాలి. పదిమంది ఉన్న స్టార్టప్ ఏం చేస్తుంది? ఫిర్యాదు చూడటం మానేసి, అనుమానం వచ్చినవన్నీ ఆపేస్తుంది. చట్టం తర్వాత అమాయకపు వీడియోలు పోయేది ఎక్కువగా ఇలాగే.

#6 ఆడియో_హక్కులు (గాంధీనగర్)

ఫిల్టర్‌ని దొంగలా చూపించకండి. అది లేకపోతే విడుదల రోజు పాట వందల ఛానెళ్ళలో తేలుతుంది, సంస్థ తరఫున ఒక్కో లింకు ఏరి నోటీసు పంపుతూ కూర్చోవాలి. కంటెంట్ ఐడీలో హక్కుదారుకి మూడు దారులున్నాయి: వీడియోని ఆపడం, ఆపకుండా ప్రకటనల డబ్బు తీసుకోవడం, ఊరికే గమనించడం. యూట్యూబ్ లెక్క ప్రకారం 90 శాతానికి పైగా క్లెయిముల్లో హక్కుదారులు డబ్బు దారే ఎంచుకున్నారు. 2021 డిసెంబరు నాటికి అలా హక్కుదారులకి చేరింది 750 కోట్ల డాలర్లు. ఉగాది నాడు పిల్లలు సినిమా పాటకి డాన్సు చేసిన వీడియో నెట్‌లో నిలిచి ఉందంటే ఈ ఏర్పాటు వల్లే. గీత రచయితకి, సంగీత దర్శకుడికి రాయల్టీ వాటా ఉండాలని కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ చెప్తోంది. పాట ఎక్కడ వాడారో యంత్రం పట్టకపోతే ఆ వాటా లెక్క ఎక్కడిది?

#7 పెన్నాతీరం

ఆడియో_హక్కులు గారూ, ఒప్పుకుంటాను. కానీ అదే యూట్యూబ్ నివేదికలో ఇంకో అంకె ఉంది. 2021 మొదటి ఆరు నెలల్లో 72.2 కోట్ల కంటెంట్ ఐడీ క్లెయిములు. అభ్యంతరం చెప్పినవి 1 శాతం కంటే తక్కువ, అలా చెప్పినవాటిలో 60 శాతం వీడియో పెట్టినవాళ్ళవైపే తేలాయి. ఆ లెక్కన 20 లక్షలకి పైనే తప్పుడు క్లెయిములు. అభ్యంతరం చెప్పనివాళ్ళందరూ తప్పు చేసినవాళ్ళేనని అనుకోలేం. చాలామందికి ఆ మీట నొక్కాలంటే భయం, స్ట్రైక్ పడుతుందని.

#8 శ్రుతిపెట్టె (మల్లేశ్వరం)

కర్ణాటక సంగీతం దగ్గర ఈ తప్పు ఎందుకు పుడుతుందో చెప్తాను.

త్యాగరాజస్వామి 1847లో, అన్నమయ్య 1503లో పోయారు. వాళ్ళ కృతులు ఎవరి సొత్తూ కావు. ఒక విద్వాంసుడు పాడిన రికార్డింగుకి మాత్రం విడుదలైన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్ళ కాపీరైట్ ఉంటుంది, ఆ రికార్డింగు వరకే. మీ వేదిక మీద మీ అమ్మాయి అదే కృతి పాడితే ఆ సంస్థకి ఏ హక్కూ లేదు. కానీ రాగం, తాళం, కాలప్రమాణం, శ్రుతి అన్నీ కలిస్తే 12 స్వరస్థానాల పటం దగ్గరగానే వస్తుంది. స్వరం పోలికని కూడా వెతికే వ్యవస్థలో అది 'దొరికింది' అయిపోతుంది.

దీన్ని మించింది ఎలక్ట్రానిక్ తంబూర. కచేరీలన్నింటిలో అవే యాప్‌లు, అవే పెట్టెలు. ఆలాపన మొదట్లో పదిహేను ఇరవై సెకన్లు స-ప-స మోగుతూ ఉంటే రెండు పరాయి కచేరీల మొదళ్ళు ఒకేలా వినపడతాయి. రిఫరెన్స్ ఇచ్చే సంస్థ ఆ తంబూర ముక్కని మినహాయించాలి, కంటెంట్ ఐడీలో ఆ సదుపాయం ఉంది. తమకి మాత్రమే సొంతం కాని ధ్వనిని, లూపుల్నీ, హక్కు తీరినవాటినీ రిఫరెన్స్‌గా ఇవ్వకూడదని నియమమూ ఉంది. పాటించకపోతే అనుభవించేది కచేరీ పెట్టిన సభ.

రికార్డు చేసేవాళ్ళు పాటించాల్సింది: గాత్రం, వయొలిన్, మృదంగం, తంబూర విడివిడి ట్రాకుల్లో తీసుకోండి. ఎక్కించేటప్పుడు పాట మొదలయ్యే ముందున్న ఒట్టి తంబూరని 2, 3 సెకన్లకి కోయండి. వివరణలో కృతికర్త పేరు, పాడినవారి పేరు, తేదీ, వేదిక రాయండి. క్లెయిమ్ వచ్చినప్పుడు డిస్ప్యూట్‌లో (మీరు చెప్పే అభ్యంతరంలో) ఆ నాలుగు ముక్కలే అక్షరాలా వాడుకోవచ్చు.

#9 కల్యాణ_కెమెరా (కె.ఆర్.పురం)

పెళ్ళి లైవ్‌ల సంగతి చెప్పండి సార్. తాళి కట్టే టైముకి హాల్లో సినిమా పాట పెడతారు, లైవ్ ఆగిపోతుంది. పెళ్ళిలో పాటకి కాపీరైట్ వర్తించదని అంటారు కదా?

#10 కోర్టుహాలు

మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(జెడ్ఏ) మతపరమైన వేడుకలకి మినహాయింపు ఇస్తుంది, పెళ్ళి ఊరేగింపు, పెళ్ళికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా అందులో ఉన్నాయి. హాల్లో మోగించడానికి అది గట్టి ఆధారం. అదే పాటని లైవ్‌లో ఊరూ వాడా వినిపించడానికి సరిపోతుందా అనేది వాదించాల్సిన విషయం. ఏదైనా ఆ నిమిషంలో ఫిల్టర్‌కి సెక్షన్ తెలియదు.

#11 హెచ్‌ఎస్‌ఆర్_కోడర్

కెమెరా గారూ, లైవ్‌లో జరిగేది ఇది. పాట దొరికితే ముందు హెచ్చరిక వస్తుంది, వీడియో బదులు ఒక నిశ్చల చిత్రం కనపడచ్చు, పాట ఆపకపోతే లైవ్ తెగుతుంది. అన్‌లిస్టెడ్ (లింకు ఉన్నవాళ్ళకే కనపడేలా) పెట్టినా వడపోత తప్పదు. కాబట్టి పరిష్కారం సౌండ్ దగ్గర వెతకాలి.

హాల్ మిక్సర్ నుంచి మెయిన్ అవుట్ తీసుకోకండి. అందులో డీజే పాట కలిసే వస్తుంది. మిక్సర్‌లో ఆక్స్ అవుట్ (కావలసిన మైకుల్ని మాత్రమే విడిగా బయటికి పంపే దారి) ఒకటి అడగండి, దానిలోకి పురోహితుడి మైకు, నాదస్వరం, డోలు మైకులే పంపించమనండి. ఓబీఎస్‌లో (లైవ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్ తెరిచి, ఆ ఆక్స్‌ని ట్రాక్ 1కి టిక్ పెట్టండి, లైవ్‌కి ట్రాక్ 1 ఎంచుకోండి. కెమెరా మైకుని ట్రాక్ 2కి మాత్రమే ఇవ్వండి. లైవ్‌లో మంత్రాలు, మేళం వినపడతాయి. పెళ్ళివారికి ఇచ్చే రికార్డింగులో హాలు సందడి అంతా ఉంటుంది. రికార్డింగ్ సెట్టింగులో రెండు ట్రాకులూ టిక్ చేయడం మరిచిపోతే ఆ సందడి మళ్ళీ దొరకదు. లైవ్ మొదలుపెట్టే ముందు హెడ్‌ఫోన్స్‌లో ట్రాక్ 1 విడిగా వినండి. డీజే స్పీకరు పురోహితుడి మైకు పక్కనే ఉంటే పాట అందులోంచి కూడా దూరుతుంది, స్పీకరుని అటు తిప్పించండి.

#12 ఆడియో_హక్కులు

పాట ఉండి తీరాలంటే ముందుగా సంస్థకి రాసి అనుమతి తీసుకోండి. అనుమతి కాగితం మీ దగ్గర ఉన్నంత మాత్రాన యంత్రానికి తెలియదు, మీ ఛానెల్‌ని వాళ్ళ మినహాయింపు జాబితాలో చేర్పించాలి. మెయిల్లో ఛానెల్ లింకు, తేదీ, పాట పేరు ఇవ్వాలి. పది రోజుల ముందైనా పంపండి, పెళ్ళి ముందు రోజు పంపితే ఎవరూ చూడరు.

#13 వెండితెర_సమీక్ష

పాత సినిమాల మీద ఛానెల్ నడిపేవాళ్ళకి: 1957 సినిమా 60 ఏళ్ళు దాటింది కాబట్టి పాటలు కూడా వాడేయచ్చా?

#14 కోర్టుహాలు

తొందరపడకండి. 1957లో విడుదలైన సినిమా మీద హక్కు 2017 డిసెంబరు 31తో తీరింది, విడిగా విడుదలైన సౌండ్ రికార్డింగుకీ 60 ఏళ్ళ లెక్కే. సాహిత్యం, సంగీతం వేరు. వాటికి కర్త జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు. ఘంటసాల 1974లో పోయారు, ఆయన స్వరపరిచిన బాణీల మీద హక్కు 2034 చివరిదాకా ఉంటుంది. గీత రచయిత ఎప్పుడు పోయారో విడిగా చూడాలి. సినిమాలోని సన్నివేశం వాడుకోవడం ఒక లెక్క, పాట మొత్తం పెట్టడం ఇంకో లెక్క.

సమీక్ష కోసం ముక్కలు వాడితే సెక్షన్ 52(1)(ఎ) ఉంది: విమర్శ లేదా సమీక్ష, వర్తమాన విషయాల వార్తా నివేదన. ఇన్ని సెకన్లు ఫర్వాలేదనే అంకె మన చట్టంలో లేదు. ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, అసలు సినిమాకి పోటీ అవుతుందా అని కోర్టు చూస్తుంది. కాబట్టి ముక్క మీద మీ మాట నడవాలి. మాట ఆగి ముక్క ఒక్కటే 40 సెకన్లు నడిస్తే సమీక్ష అని చెప్పుకోవడం కష్టం.

సెకన్ల అంకె ఉన్నది జర్మనీలో. 2021 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న వాళ్ళ చట్టంలో 15 సెకన్ల లోపు ఆడియో లేదా వీడియో, 160 అక్షరాల లోపు రాత, 125 కిలోబైట్ల లోపు బొమ్మ వాడి, మూలంలో సగం కంటే తక్కువే తీసుకుని (బొమ్మకి ఈ సగం లెక్క లేదు), వేరే సరుకుతో కలిపితే, ఆ వాడకం వ్యాపారం కోసం కాకపోతే లేదా దాని మీద నామమాత్రపు ఆదాయమే వస్తే, అది అనుమతి ఉన్న వాడకమేనని ముందుగా అనుకోవాలి. ఫిర్యాదు తేలేదాకా వీడియో పైనే ఉంటుంది. యంత్రానికి అర్థమయ్యేలా మినహాయింపు రాసిన ఏర్పాట్లలో ఇదొకటి. ఫిల్టర్ సెకన్లు లెక్కపెట్టగలదు, విమర్శని గుర్తుపట్టలేదు.

#15 పెన్నాతీరం

మన చట్టం ఇప్పుడు ఏం అడుగుతోందో కూడా రాసేయండి. అసలు ప్రశ్న అదే.

#16 కోర్టుహాలు

ముందస్తు వడపోత పెట్టమని మన కాపీరైట్ చట్టం అడగదు. సెక్షన్ 52(1)(సి), 2013 కాపీరైట్ నిబంధనల్లో 75వ నియమం కలిపి చదవాలి. హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. రచన ఏది, హక్కు తనదేనని ఆధారం, ఉల్లంఘన ఎలా అయింది, సరిగ్గా ఏ లింకు, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తానన్న హామీ, ఇవన్నీ అందులో ఉండాలి. వేదిక 36 గంటల్లో చూపడం ఆపాలి, ఆ లింకు తెరిచినవాళ్ళకి కారణం కనపడేలా పెట్టాలి. 21 రోజుల్లో ఉత్తర్వు రాకపోతే తిరిగి చూపించవచ్చు, అదే లింకు మీద అదే మనిషి మళ్ళీ ఫిర్యాదు పంపినా పట్టించుకోనక్కర్లేదు. కోర్టుకెళ్ళాల్సిన భారం ఫిర్యాదు చేసినవాడి మీదే ఉంది. ఇది మన చట్టంలో మంచి గుణం, కొత్త చట్టం పేరుతో దీన్ని పోగొట్టుకోకూడదు.

మైస్పేస్ వేదిక మీద సూపర్ క్యాసెట్స్ అనే సంగీత సంస్థ వేసిన కేసులో 2016 డిసెంబరు 23న ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఇంకా స్పష్టం చేసింది. 'మా పాటలన్నీ పెట్టకండి' అని కేటలాగు పారేస్తే సరిపోదు, ఫలానా చోట ఫలానాది ఉందని వేదికకి తెలియాలి. 2021 ఐటీ నిబంధనల్లో 50 లక్షల యూజర్లు దాటిన వేదికలు యంత్రాలు వాడటం గురించి 4(4)లో ఉంది గానీ, అది అత్యాచార, బాలల లైంగిక హింస దృశ్యాల కోసం, కోర్టు లేదా ప్రభుత్వ ఉత్తర్వు మీద ఒకసారి తీసేసింది అచ్చంగా అలాగే మళ్ళీ వస్తే పట్టడం కోసం. కాపీరైట్ కోసం రాసింది కాదు.

కొలత తప్పితే ఏమవుతుందో మన ఊళ్ళోనే చూశాం. 2022 నవంబరు 7న బెంగళూరు కమర్షియల్ కోర్టు, కేజీఎఫ్-2 పాట వాడారన్న ఎంఆర్‌టీ మ్యూజిక్ ఫిర్యాదు మీద కాంగ్రెస్, భారత్ జోడో యాత్ర ట్విటర్ ఖాతాలనే ఆపమంది. మర్నాడే కర్ణాటక హైకోర్టు, ఆ పాట ఉన్న పోస్టులు తీసేయాలన్న షరతుతో దాన్ని కొట్టేసింది. పాట ముక్కకి ఖాతా మొత్తం మూయడం ఎక్కువే. యంత్రానికి ఈ తూకం ఇంకా తెలియదు.

#17 శ్రుతిపెట్టె

మరి మన చట్టం అంత బాగుంటే ఛానెళ్ళవాళ్ళు ఎందుకు ఏడుస్తున్నారు?

#18 హెచ్‌ఎస్‌ఆర్_కోడర్

యూట్యూబ్ నడిపేది 75వ నియమం ప్రకారం కాదు కాబట్టి. కంటెంట్ ఐడీ కంపెనీ సొంత ఏర్పాటు, తీసివేత నోటీసులు 1998 నాటి అమెరికా కాపీరైట్ చట్టం డీఎంసీఏ పద్ధతిలో నడుస్తాయి. వరస చెప్తాను.

కంటెంట్ ఐడీ క్లెయిమ్ వస్తే అది స్ట్రైక్ కాదు. యూట్యూబ్ స్టూడియోలో ఏ సెకను నుంచి ఏ సెకను దాకా పట్టిందో కనిపిస్తుంది, ముందు అది వినండి. హక్కు నిజంగా వాళ్ళదే అయితే ఆ ముక్క కోయండి, లేదా పాటని తుడిచేయండి, లేదా మార్చండి. క్లెయిమ్ పోతుంది. తప్పు క్లెయిమ్ అయితే డిస్ప్యూట్ వేయండి. 5 రోజుల లోపు వేస్తే మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బు పక్కన ఉంచుతారు, ఆలస్యమైతే వేసిన రోజు నుంచే. అవతలివాళ్ళకి 30 రోజులు. బదులివ్వకపోతే క్లెయిమ్ రాలిపోతుంది. తిరస్కరిస్తే అప్పీల్, దానికి 7 రోజులు. వీడియోని ఆపేసిన క్లెయిమ్ అయితే డిస్ప్యూట్ దాటి నేరుగా అప్పీల్‌కి వెళ్ళే దారి ఉంది.

జాగ్రత్త పడాల్సింది అప్పీల్ దగ్గర. అక్కడ అవతలివాళ్ళు తీసివేత నోటీసు ఇస్తే స్ట్రైక్ పడుతుంది. 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ పోతుంది. కాబట్టి ఒకే సంస్థతో ఐదు వీడియోల మీద పేచీ ఉంటే ఐదూ ఒకేసారి అప్పీల్ చేయకండి. అన్నింటికంటే బలంగా ఉన్నది ఒకటి చేసి తేల్చుకోండి.

#19 కోర్టుహాలు

స్ట్రైక్ పడ్డాక మిగిలే దారి కౌంటర్ నోటీసు, అంటే వీడియోని తప్పుగా తీసేశారని మీరిచ్చే జవాబు. అందులో మీ అసలు పేరు, చిరునామా ఇవ్వాలి, అవి అవతలివాళ్ళకి వెళ్తాయి. తప్పు చెప్తే అబద్ధపు ప్రమాణం కిందికి వస్తుంది, అమెరికా కోర్టు పరిధికి కూడా ఒప్పుకుంటున్నట్టే. అమెరికా పనిదినాల్లో 10 రోజుల లోపు వాళ్ళు కేసు వేసినట్టు చూపకపోతే వీడియో తిరిగి వస్తుంది. సొంత సంగీతం, సొంత దృశ్యం అయితే ధైర్యంగా వేయండి. సమీక్ష వాదన అయితే లాయరుకి ఒకసారి చూపించండి.

మన చట్టంలో సెక్షన్ 60 కూడా ఉంది. ఆధారం లేకుండా కాపీరైట్ కేసు వేస్తామని బెదిరిస్తే, ఉల్లంఘన లేదని ప్రకటించమని, బెదిరింపులు ఆపించమని, నష్టపరిహారం ఇప్పించమని మీరే దావా వేయచ్చు. అవతలివాళ్ళు నిజంగానే ఉల్లంఘన కేసు వేసి నడిపితే ఈ దారి మూసుకుపోతుంది. దావా విలువ 3 లక్షలు లేదా అంతకంటే ఎక్కువైతే కమర్షియల్ కోర్టుకి వెళ్ళాలి, అత్యవసర ఉత్తర్వు అడగకపోతే ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. వాళ్ళు పంపిన మెయిళ్ళు, స్టూడియో తెరపట్లు తేదీలతో సహా మొదటి రోజు నుంచే దాచుకోండి.

#20 ఆడియో_హక్కులు

ఇంత దూరం వచ్చాక నా అభిప్రాయం కొంత మారింది. కొత్త చట్టం వస్తే హక్కుదారుకి వడపోత, పెట్టినవాళ్ళకి తీర్పు వచ్చేదాకా వీడియో నిలవడం, రెండూ ఒకే వాక్యంలో ఉండాలి. విడుదలైన మొదటి కొన్ని రోజులు సినిమా మొత్తం, పాట మొత్తం ఎక్కితే మాత్రం వెంటనే ఆపే వీలు ఉండాలి, అక్కడ ఆలస్యం చేస్తే నష్టం పూడదు.

#21 హెచ్‌ఎస్‌ఆర్_కోడర్

మొత్తం ఎక్కినదాన్ని పట్టడం తేలిక, ఆ విషయంలో నాకూ పేచీ లేదు. మూలంలో 90 శాతం పైగా వరసగా కలిస్తే ఆపు, అంతకంటే తక్కువైతే మనిషి చూసేదాకా ఉంచు అని నియమం రాస్తే చిన్న కంపెనీ కూడా కట్టగలదు. దాంతోపాటు తప్పుడు రిఫరెన్స్ పదే పదే ఇచ్చేవాళ్ళ రిఫరెన్స్ హక్కు కొంతకాలం తీసేయాలి. యూజర్‌కి మూడు స్ట్రైకులు ఉన్నప్పుడు హక్కుదారుకీ ఒక లెక్క ఉండాలి.

#22 కల్యాణ_కెమెరా

ఆక్స్ సంగతి సౌండ్ ఆయనకి చెప్పాను సార్. మిక్సర్‌లో ఆక్స్ ఒకటే ఉంది, అది స్టేజీ మానిటర్‌కి పోతోంది అంటున్నాడు. ఏం చేయాలి?

#23 హెచ్‌ఎస్‌ఆర్_కోడర్

పురోహితుడి మైకుకి, మేళం మైకుకి తలా ఒక స్ప్లిటర్ పెట్టండి. ఒక కొస హాల్ మిక్సర్‌కి, రెండో కొస మీ దగ్గరున్న రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్‌కి. కండెన్సర్ మైకు అయితే 48 వోల్టుల కరెంటు ఒక్క వైపు నుంచే ఇవ్వాలి, రెండు వైపులా ఆన్ చేయకండి. గుయ్‌మని హమ్ వస్తే గ్రౌండ్ లిఫ్ట్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ స్ప్లిటర్ తీసుకోండి, ఎస్.పి. రోడ్డులో అడిగి చూడండి.